నీ చేత్తో ఏం బాగుచేశావ్?

పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు తయారుచేసే ఓ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని నాది. కొత్త పిల్లల్ని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చునే ముగ్గురిలో నేనొకణ్ని. కొన్నేళ్లుగా అందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నా. "ఇప్పటిదాకా నీ చేత్తో ఏం బాగుచేశావ్?" మెకానికల్ బీటెక్ చేసినవాళ్లు, డిప్లొమా వాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు ఫైనలియర్ ప్రాజెక్టు పేరు చెబుతారు. అందులో నీ వంతు ఏంటంటే 'టీమ్‌గా చేశాం సార్' అంటారు. ఆ ప్రాజెక్టులు ఏ వీధిలో ఎంతకు దొరుకుతాయో నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఇద్దరం తల దించుకుంటాం.

జవాబు లేనివాళ్లలో మా అక్క కొడుకు కూడా ఉన్నాడు. వాళ్లది చిలమత్తూరు. మెకానికల్ పూర్తయ్యాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాడు. ఇటు చూస్తే గంట దూరంలో కియా, అటు చూస్తే బెంగళూరు. మధ్యలో 44వ నంబరు జాతీయ రహదారి. ఉద్యోగాలన్నీ ఆ రోడ్డు మీదే పోతున్నట్టు ఉంటుంది గానీ, ఒక్కటీ కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆగి మనవాణ్ని ఎక్కించుకోదు.

వాళ్లింటి వెనక చింతచెట్టు కింద ఓ జీపు ఉండేది. మహీంద్రా ఎంఎం 540, 1993 మోడల్, నాలుగు చక్రాలూ తిరిగే ఫోర్ బై ఫోర్. మా బావ ఒకప్పుడు దాంట్లోనే ఎరువుల బస్తాలు, పట్టుగూళ్లు, పెళ్లివాళ్లు, పురిటి కేసులు అన్నీ మోశాడు. 2018లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించిన కొద్ది నెలలకే ఆగిపోయింది. తర్వాత అందులో కోళ్లు కాపురం పెట్టాయి. 2024 వేసవిలో హిందూపురం నుంచి వచ్చిన పాత ఇనుం వ్యాపారి 45 వేలిస్తానన్నాడు. బావ సరేనన్నాడు. పిల్లోడు అడ్డం పడ్డాడు.

"మామా, దీన్ని నేను లేపుతా. 1,20,000 చాలు."

ఆ లక్షా ఇరవై వేలు మా అక్క దగ్గరున్నాయి. పట్టుగూళ్ల మీద మిగిలిన సొమ్ము. ఆ డబ్బు పోతే మళ్లీ గూళ్లు పండాలి, గూళ్లు పండాలంటే మల్బరీ పచ్చగా ఉండాలి, మల్బరీ పచ్చగా ఉండాలంటే బోరులో నీళ్లుండాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లాలో ఈ లెక్క ఎంత నాజూకైందో వేరే చెప్పక్కర్లేదు. బావ ఒకటే మాటన్నాడు: "ఇనుంతో ఆడుకుంటాంటే కడుపు నిండుతాదా?" నేనూ బావ పక్షమే. ఆ డబ్బుతో బెంగళూరులో ఏదైనా డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమన్నాను. అక్క మాత్రం డబ్బు వాడి చేతిలో పెట్టింది. ఈ వ్యాసం ఒక రకంగా నేను నా మాట వెనక్కి తీసుకోవడమే.

అయితే మొదటి నెల చూసి ఉంటే ఎవరైనా బావ చెప్పిందే నిజమనేవాళ్లు. వీడు ముందు కొన్నది ఏంటో తెలుసా? వెడల్పాటి సెకండ్ హ్యాండ్ టైర్లు, వాటికి తగ్గ రిమ్ములు, బంపరు మీద పెట్టే పొడవాటి ఎల్‌ఈడీ లైటు. అన్నీ కలిపి 34 వేలు. ఇంకా ఇంజిన్ స్టార్ట్ కూడా కాలేదు! ఫోన్‌లో రీల్స్ చూసి చూసి, జీపు బాగుచేయడమంటే జీపును ఎత్తుగా, భయంకరంగా కనిపించేలా చేయడమనుకున్నాడు. తీరా బిగిస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు కమాన్ కట్టకు రాసుకుంటోంది. పవర్ స్టీరింగ్ లేని బండి, నిలబడి ఉన్నప్పుడు తిప్పాలంటే ఇద్దరు కావాలి. కంపెనీ ఇచ్చింది 6.00-16 సన్న టైరు. మన నల్లరేగడి కాని ఎర్రనేలకు, రాళ్ల బాటకు అదే బాగా పనిచేస్తుంది. ఆ సరుకంతా చివరికి 21 వేలకు అమ్మాడు. 13 వేలు గాలికి పోయాయి.

నేను కలుగజేసుకున్నది అప్పుడే. ఫ్యాక్టరీలో మేం చేసేదే చెప్పాను. ఆగిపోయిన యంత్రం ముందు నిలబడి ఏది కొందామని ఆలోచించకూడదు, ఏ వరుసలో చూద్దామని ఆలోచించాలి. కాగితాలు. తర్వాత ఆగడం. తర్వాత తిరగడం. తర్వాత చల్లగా ఉండటం. ఆ తర్వాతే నడవడం. అందం అన్నిటికంటే చివర, డబ్బు మిగిలితే.

కాగితాలు మొదటెందుకంటే, చాలామంది కుర్రాళ్లు ఇక్కడే మునుగుతున్నారు. '15 ఏళ్లు దాటిన బండి చెత్తకే' అని ఒకడంటాడు, 'ఏం కాదు, ఊళ్లోనే కదా తిప్పేది' అని ఇంకొకడంటాడు. రెండూ తప్పే. సొంత వాడకపు బండికి 15 ఏళ్ల తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. డీజిల్ బండికి 10 ఏళ్లన్న గొడవ ఢిల్లీ ప్రాంతంలో వచ్చింది, మన దగ్గర కాదు. కాకపోతే ఖర్చు పెరిగింది. కారు, జీపులాంటి వాటికి ఒకప్పుడు 600 ఉన్న రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గడువు తీరాక ఆలస్యమైన ప్రతి నెలకూ 500 అదనం. మా జీపు గడువు 2023లోనే తీరిపోయింది కాబట్టి 14 నెలలకు 7 వేలు కట్టాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్, మిగతావి కలిపి కాగితాలకే 22 వేలు. బండి కొనే ముందు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయో లేదో బ్యాటరీ లైటు వేసుకుని వంగి చూడండి. పాత పెట్రోలు జీపుల్లో డీజిల్ ఇంజిన్ ఎక్కించి ఆర్‌సీలో రాయించకుండా వదిలేసినవి మన ప్రాంతంలో తక్కువేం కాదు. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఇక మార్పుల సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైకుల కోసం బండి ఎత్తు పెంచి, వెడల్పు టైర్లేసి, కళ్లు చెదిరే లైట్లు పెట్టి ఫొటోలు దిగేవాళ్లు తమ మీద సాక్ష్యం తామే పోగుచేస్తున్నట్టు. అప్‌గ్రేడ్ అంటే చట్టం ఒప్పుకున్న పరిధిలో బండి ఇంకా బాగా ఆగడం, ఇంకా బాగా కనపడటం, తక్కువగా చెడిపోవడం. అంతే.

ఆగడం దగ్గరికొద్దాం. ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములు విప్పితే మూడు చక్రాల సిలిండర్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. అంటే ఆ 34 వేల హంగుతో బండి రోడ్డెక్కి ఉంటే ఒకే చక్రం మీద ఆగాల్సి వచ్చేది. మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు, లైనింగ్, పైపులు, ఆయిల్ అన్నీ మార్చినా 11,500 అయింది. బండిలో ప్రాణాలు కాపాడే భాగమే చవకైన పనుల్లో ఒకటి. కానీ దానికి ఫొటో బాగా రాదు.

తిరగడం, అంటే స్టీరింగ్ వైపు బేరింగులు, బుష్షులు, రాడ్ ఎండ్లు 8 వేలు. అందులో చెప్పుకోడానికేం లేదు, అరిగినవి మార్చారు.

అసలు చదువు మొదలైంది ఇంజిన్ దగ్గర. ఈ జీపులో ఉండేది ప్యూజో రకం డీజిల్ ఇంజిన్, ఎక్స్‌డీపీ 4.90 అంటారు. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 90 మిల్లీమీటర్ల వ్యాసం. ఆ పేరులోని 4, 90 రెండూ అవే. స్ట్రోక్ 83 మిల్లీమీటర్లు. క్యాలిక్యులేటర్ తీసి సిలిండర్ ఘనపరిమాణం లెక్క కట్టి చూడండి, 2,112 సీసీ వస్తుంది. మావాడు నాలుగేళ్ల బీటెక్‌లో ఆ సూత్రాన్ని పరీక్షల కోసం ఎన్నిసార్లు రాశాడో. మొదటిసారి ఒక నిజమైన ఇంజిన్ మీద అంకెలు వేసి సరిపోయేసరికి నాకు ఫోన్ చేశాడు, రాత్రి పదిన్నరకు.

డీజిల్ ట్యాంకు కడిగి, పంపు నాజిళ్లు సర్వీసు చేయించాక (16 వేలు) ఇంజిన్ పలికింది. పది నిమిషాల్లో వేడెక్కి ముల్లు ఎర్రగీత దాటింది. షెడ్డులో మేస్త్రీ ఒక మాట అనేశాడు: "హెడ్డు పోయుంటాది, దింపాల్సిందే, 22 వేలు పెట్టుకో." ఆయన్ని తప్పుపట్టను. పది బండ్లలో ఏడింటికి అదే నిజమవుతుందేమో. కానీ 22 వేలు పెట్టే ముందు రూపాయి ఖర్చులేని పరీక్షలు కొన్ని ఉన్నాయి, అవి చేయమన్నాను.

రేడియేటర్ మూత తీసి ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేశాడు. నీళ్లలో బుడగలు రాలేదు. హెడ్డు జాయింటు పోయి ఉంటే మంట గ్యాసు నీళ్లలోకి వచ్చి బుడగలుగా తేలాలి. ఇంజిన్ ఆయిల్ చూశాడు, మజ్జిగలా తెల్లబడలేదు. తర్వాత మూత పెట్టి వేడెక్కనిచ్చి పైపులు పట్టి చూశాడు. ఇంజిన్ నుంచి రేడియేటర్ పైకి వచ్చే పైపు కాలుతోంది, కింది పైపు చల్లగా ఉంది. అంటే వేడినీళ్లు రేడియేటర్‌లో దిగడం లేదు. దీనికి సాధారణంగా రెండు దారులు. థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం, లేదా రేడియేటర్ లోపల మూసుకుపోవడం. థర్మోస్టాట్ విప్పి వాళ్లమ్మ వంటింట్లో గిన్నెడు నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాడు. నీళ్లు మరగబోయే ముందే అది మెల్లగా నోరు తెరిచింది. అది బాగానే ఉంది. అంటే దొంగ రేడియేటరే.

దాన్ని విప్పి కోసి చూస్తే సన్న గొట్టాల నిండా తెల్లటి రాయిలాంటి పొర. ఎక్కడి నుంచి వచ్చింది? మన బోరునీళ్ల నుంచే. మనిళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున గీకినా పోని సున్నపు పొర ఉంటుంది కదా, అదే. పాతికేళ్లు బావ ప్రేమగా పోసిన బోరునీళ్లు గొట్టాల్ని ఒక్కోటిగా పూడ్చేశాయి. మన పీఠభూమిలో పొడిగాలి వల్ల బండి ఒళ్లు నెల్లూరు, విశాఖ బండ్లలా తుప్పు పట్టదు. (మా జీపు ఫ్లోరు తుప్పు పట్టింది కోళ్లు పడుకున్న చోటే!) కానీ నీళ్లు లోపలి నుంచి చంపుతాయి, దుమ్ము ఎయిర్ ఫిల్టర్ నుంచి చంపుతుంది, ఎండ రబ్బరు పైపుల్ని, వైర్ల తొడుగుల్ని పెళుసు చేస్తుంది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ చిలమత్తూరు పేరుతో ఉండదు. కొత్త కోర్, థర్మోస్టాట్ కొత్తదే వేద్దామని అది, పైపులు కలిపి 8,300. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ పోశాడు. హెడ్డు దింపలేదు. మిగిలిన 22 వేల కంటే ఆ రెండు రోజులు వాడు చేసిన ఆలోచన విలువైందని నేనంటాను.

మేం చేసిన అప్‌గ్రేడుల్లో నాకు బాగా నచ్చింది 600 రూపాయలది. హెడ్‌లైట్లు కిరోసిన్ బుడ్డిలా వెలుగుతున్నాయి. మావాడి చేయి మళ్లీ ఆ ఎల్‌ఈడీ వైపే పోతోంది. మల్టీమీటర్ పెట్టి చూడమన్నా. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, బల్బు దగ్గర 10.1. మధ్యలో 2.3 వోల్టులు ఎటు పోయాయి? పాత డిజైన్‌లో లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు మీది స్విచ్చు దాకా వెళ్లి తిరిగొస్తుంది. పొడవైన సన్న వైరు, ముప్పయ్యేళ్ల స్విచ్చు, తుప్పు పట్టిన ఎర్తు. దారిలోనే వేడిగా మారిపోతోంది. రెండు రిలేలు, ఫ్యూజు, బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు వేసి, స్విచ్చుకు రిలేను లేపే పని మాత్రం వదిలాడు. ఎర్తు గీకి బిగించాడు. అవే బల్బులు, రోడ్డు కనిపించింది.

లెక్క మొత్తం చెప్పేస్తా. వైరింగు, క్లచ్, బ్యాటరీ, నాలుగు సన్న టైర్లు, టింకరింగు, రంగు అన్నీ కలిసి 1,41,400 తేలింది. అనుకున్నదానికి 21,400 ఎక్కువ, అందులో 13 వేలు టైర్ల తెలివి. ఆ తేడా నేను అప్పుగా ఇచ్చాను, ఇంకా సగం రావాలి. ఏడు నెలలు పట్టింది. 'బాగుచేసి అమ్మితే లాభమే కదా' అంటారు కొందరు. వాడి ఏడు నెలల కూలి లెక్కేస్తే లాభం కాదు, నష్టమే. దీన్ని వ్యాపారంగా చేయాలనుకునేవాళ్లు ముద్ర రుణానికి పరిగెత్తే ముందు ఏదైనా షెడ్డులో ఒక ఏడాది చేతులకు గ్రీజు పూసుకోండి, తర్వాత మాట్లాడదాం.

మరి నేనెందుకు మనసు మార్చుకున్నాను? వాడు రాసిన పుస్తకం చూసి. రెండు వందల పేజీల మామూలు లాంగ్ నోట్‌బుక్. నా ఒత్తిడి మీదే మొదలెట్టాడు. ప్రతి పనికీ నాలుగు గడులు. ఏం కనిపించింది, ఏం అనుకున్నాను, ఎలా తేల్చుకున్నాను, ఎంతయింది. 'ఏం అనుకున్నాను' గడిలో సగం తప్పులే. వాటిని కొట్టేయనివ్వలేదు నేను. మొదటి పేజీలోనే టైర్ల కథ ఉంది, 13,000 నష్టం అని ఎర్రపెన్నుతో. ఫ్యాక్టరీలో లైన్ ఆగినప్పుడు మేం రాసేది కూడా ఇదే, కాకపోతే దానికో పెద్ద పేరుంటుంది. లోపం ఎక్కడుందో ఊహించడం వేరు, పరీక్షించి ఒక్కో అనుమానాన్ని తీసేసుకుంటూ రావడం వేరు. మాకు కావాల్సింది రెండోది తెలిసిన మనిషి. ఆ తెలివి సర్టిఫికెట్‌లో కనపడదు. రెజ్యూమెలో 'ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్' అని రాసుకున్న ప్రతివాడూ ఒక ప్రాబ్లమ్ పేరు చెప్పగలిగితే నా పని సగం తగ్గేది.

దీనికి జీపే ఉండాలని కాదు. లక్షన్నర మీ ఇంట్లో ఉండకపోవచ్చు, ఉన్నా ఇవ్వకపోవచ్చు, ఇవ్వకపోవడమే మంచిది కావచ్చు. పోయినేడు ఇంటర్వ్యూకు ఒక అమ్మాయి వచ్చింది. గోరంట్ల వైపు, ఎలక్ట్రికల్ డిప్లొమా. మార్కులు అంతంతే. వాళ్ల నాన్న బోరు మోటారు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే స్టార్టర్ పెట్టె విప్పి, మూడు ఫేజుల్లో ఒకటి తక్కువ వస్తోందని ఎలా పట్టుకుందో చెప్పింది. కాంటాక్టరులో ఒక పాయింటు కాలి నల్లబడిందట. దాన్ని సరిచేసేదాకా చేసిన రెండు తప్పులు కూడా చెప్పింది. ఖర్చు మూడు వందలు. మా ముగ్గురిలో ఎవరికీ రెండో ప్రశ్న అడగాల్సిన పని పడలేదు. మీ తాతగారి మందు కొట్టే స్ప్రేయర్, పక్కింటి వాళ్ల మిక్సీ, కాలేజీ వర్క్‌షాపులో మూలపడిన లేత్ మెషిన్, ఏదైనా పనికొస్తుంది. కానీ నిజంగా చెడిపోయిందై ఉండాలి. అది నడవడం కోసం ఇంట్లో ఎవరో ఎదురుచూస్తుండాలి. మార్కుల కోసం చేసే ప్రాజెక్టులో లేనిది అదే.

ఒకటి దాచను. జీపు బాగైన వెంటనే ఉద్యోగం రాలేదు. మొదటి ఇంటర్వ్యూలో ఆప్టిట్యూడ్ టెస్టు దగ్గరే పోయింది. జీపు మన బదులు ఆ పరీక్ష రాయదు కదా. దానికి చదవాల్సిందే, వేరే దారి లేదు. రెండోచోట నోట్‌బుక్ చూపిస్తానంటే పక్కన పెట్టమన్నారట. మూడోది దేవనహళ్లి వైపు ఓ కంపెనీ. అక్కడ ఎవరో ఆ 2.3 వోల్టుల పేజీ దగ్గర ఆగి, పావుగంట దాని మీదే అడిగారు. రిలే లేకుండా వైరు మాత్రమే మందంగా వేసి ఉంటే ఏమయ్యేది? ఎర్తు ఒక్కటే పాడైతే మీటరు ఎక్కడ పెట్టి చూస్తావ్? ఒక ప్రశ్నకు తెలియదన్నాడట. ఏడాది అప్రెంటిస్‌గా తీసుకున్నారు. స్టైపెండ్‌లో గది అద్దె, తిండి పోను పెద్దగా మిగలదు. తర్వాత ఉంచుకుంటారో లేదో ఇంకా తేలలేదు.

జీపు చిలమత్తూరులోనే ఉంది. పట్టుగూళ్ల రోజున బావ తెల్లవారుజామునే లేచి, లైట్లు వేసుకుని, లేపాక్షి మీదుగా హిందూపురం మార్కెట్‌కు పోతున్నాడు. వెనక గేరు పెట్టెలో ఇంకా ఒక కూత ఉంది. పోయిన ఆదివారం పిల్లోడు ఇంటికొచ్చినప్పుడు ఆయిల్ దింపి అయస్కాంతం పెట్టి చూశాడట, సన్నటి ఇనుప పొడి వచ్చిందని నోట్‌బుక్‌లో రాసి నాకు ఫొటో పంపాడు. 'ఏం అనుకున్నాను' గడిలో బేరింగు అని రాశాడు. మూడో గడి ఖాళీగా ఉంది.